బరిలోనికి దిగుటకు ముందు

ముష్టియుద్ధమనగానే మన మనస్సున మెదలు దృశ్యమొకటే. నాలుగు వైపుల త్రాళ్లు కట్టిన చదరపు బరి, పైన మిరుమిట్లు గొలుపు దీపములు, నడుమ ఇద్దరు మహాకాయులు, చుట్టును వేలకొలది జనుల కేకలు. మూడు నిమిషములకొకసారి గంట మ్రోగును. ఏ క్షణముననో ఒక పిడికిలి గురి తప్పక తగులును. ఒకడు కూలును, ఇంకొకని చేయి పైకెత్తబడును. మరునాటి పత్రికలు ఆ ఒక్క దెబ్బను గూర్చియే వ్రాయును. కాని ఆ దెబ్బ పుట్టినది ఆ రాత్రి కాదు. అంతకు పూర్వము ఎనిమిది పది వారముల పాటు, జనుల కంటబడని ఒక శిబిరములో, తెల్లవారుజామున సాగిన పరుగులలోను, మధ్యాహ్నపు చెమటలోను అది తయారైనది. ఆ తయారీ ఎట్టిది, దాని వలన మానవదేహములో ఏది గట్టిపడును, ఎంత సాధన చేసినను గట్టిపడనిది ఏది అను విషయమును గూర్చి నేడు శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

మొదట హెవీవెయిట్ అను మాటను తెలిసికొందము. బాక్సింగులో యోధులను దేహపు బరువును బట్టి తరగతులుగా విభజింతురు. వృత్తిపోటీలలో నేడు 200 పౌనులు, అనగా సుమారు 90 కిలోలు, పైబడినవారు హెవీవెయిట్లు. పూర్వము 175 పౌనులు దాటిన ప్రతివాడును ఈ తరగతిలోనివాడే. తక్కిన తరగతులన్నిటికి పై హద్దు కలదు. మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022 లో ఇస్తాంబులు నగరమున 52 కిలోల తరగతిలోను, 2023 లో ఢిల్లీ నగరమున 50 కిలోల తరగతిలోను ప్రపంచ విజేతగా నిలిచెను. అట్టి తరగతుల వారికి ప్రత్యర్థికన్న ముందు త్రాసుతో పోరు తప్పదు. పోటీ దినములలో ఒక గుక్కెడు నీరు త్రాగుటకు కూడ లెక్క చూచుకొనవలెను. హెవీవెయిట్ యోధునికి ఆ బాధ లేదు. అతని బరువునకు పై హద్దు లేదు. కడుపునిండ తినవచ్చును, దాహము తీర త్రాగవచ్చును.

వినుటకిది సుఖముగానే ఉన్నది. కాని ఆ తరగతివారికి ఇదియే పెద్ద ఉచ్చు. కండ పెరిగినకొలది ఆ కండకు రక్తము కావలెను, ప్రాణవాయువు కావలెను. దానిని అందించు గుండె ఒక్కటే. బండి పెద్దదైనంత మాత్రమున ఎద్దులకు బలము రాదు. 230 పౌనుల దేహమును కాలి మునివ్రేళ్లపై నిలిపి, ముందునకు వెనుకకు త్రిప్పుచు, చేతులు గడ్డము దగ్గరినుండి దింపకుండ పన్నెండు రౌండ్లు పోరాడుట ఎంత కష్టమో, మనము రెండు చేతులను మొగమునకు ఎత్తుగా పట్టి మూడు నిమిషములు నిలిచి చూచినచో కొంత బోధపడును. కనుకనే ఈ మహాకాయుల సాధనలో మొదటి పాఠము కొట్టుట కాదు, అలసటను ఓర్చుట.

పోటీ నిర్ణయమైన పిదప యోధుడు ఇల్లు విడుచును. భార్యాబిడ్డలు, మిత్రులు, విందులు, వినోదములు అన్నియు వెనుకబడును. పట్టణమునకు దూరముగా ఏ కొండల నడుమనో శిబిరము వెలయును. అమెరికా దేశపు సుప్రసిద్ధ యోధుడు జో లూయీ న్యూజెర్సీ రాష్ట్రమున పాంప్టన్ లేక్స్ అను చోట సాధన చేసెడివాడు. రాకీ మార్సియానో న్యూయార్కు రాష్ట్రపు క్యాట్‌స్కిల్ కొండలలో, గ్రాసింగర్ అను విహారవిడిది చెంత నెలలకొలది గడిపెడివాడు. ముహమ్మద్ అలీ 1972 లో పెన్సిల్వేనియా రాష్ట్రమున డీర్ లేక్ చెంత ఒక కొండపై దుంగలతో ఇండ్లు కట్టించుకొనెను. అచ్చటి పెద్ద బండరాళ్లపై తనకు పూర్వులైన యోధుల పేర్లు రంగుతో వ్రాయించెను. ప్రతి ఉదయమును వారి పేర్ల నడుమనుండి నడచి సాధనకు పోవుట ఆయనకు ఇష్టము.

శిబిరములో దినము చీకటితోనే ఆరంభమగును. ప్రొద్దు పొడుచుటకు ముందే యోధుడు లేచి, మందపు వస్త్రములు ధరించి, నిర్మానుష్యమైన బాటపై మూడు మొదలు ఆరు మైళ్ల వరకు పరుగెత్తును. పూర్వపువారు బరువైన బూట్లు తొడిగికొని పరుగెత్తెడివారు. అలీ సైతము అట్లే చేసెడివాడు. నేటి శిక్షకులు దూరపు పరుగుతోపాటు, కొంతసేపు అతివేగముగాను కొంతసేపు మెల్లగాను సాగు పరుగులను కూడ చేయించుచున్నారు. ఏలననగా పోరు కూడ అట్లే సాగును: ఒక క్షణము పిడుగువలె పైబడుట, ఒక క్షణము ఆగి చూచుట. పరుగు ముగిసిన పిదప స్నానము, అల్పాహారము, నిద్ర. మధ్యాహ్నమునకు పిదప వ్యాయామశాల.

మన పల్లెల తాలింఖానాలలో దండీలు, బస్కీలు, సంగిడీలు ఎట్లో, ముష్టియోధుల వ్యాయామశాలలో కొన్ని పరికరములు అట్లు. పైకప్పునుండి గొలుసులతో వ్రేలాడు బరువైన తోలుసంచి ఒకటి. దానిని గ్రుద్దుట వలన భుజబలము వచ్చునని చూచువారు తలంతురు. నిజమునకు దెబ్బ పుట్టునది భుజమున కాదు. పాదము నేలను అదుమును, మోకాలు తిరుగును, నడుము తిరుగును, ఆ తిరుగుడు భుజమునకెక్కి, మోచేతి మీదుగా చివరకు పిడికిట బయల్పడును. ఈ అంచెలలో ఏ ఒక్కటి ఆలస్యమైనను దెబ్బలో పస తగ్గును. ఇది తలంపుతో పని లేకుండ తనంతట తాను సాగువరకు వేలకొలది పర్యాయములు సంచిని గ్రుద్దవలెను. కంటి యెత్తున వ్రేలాడు చిన్న తోలుబుడ్డ వేరొకటి. అది చేతికి లయ నేర్పును. చేతులను పైకెత్తి ఉంచు ఓర్పును నేర్పును. నిలువుటద్దము ముందు నిలిచి, ఎదుట ప్రత్యర్థి ఉన్నట్లు భావించి నీడతో పోరుట ఇంకొక సాధన. త్రాడు త్రిప్పుచు గెంతుట పిల్లల ఆట యని మనమనుకొందుము. కాని 230 పౌనుల మనిషి పావుగంటసేపు త్రాడు తగులకుండ గెంతుట చూచినవారికి పాదలాఘవము ఎట్లు వచ్చునో తెలియును. ఇక కడుపుపై బరువైన తోలుబంతిని వేయించుకొనుట, వెల్లకిల పరుండి నడుము లేపుట మున్నగునవి పొట్టకండను గట్టిపరచి, ప్రక్కటెముకల క్రింద తగులు దెబ్బను ఓర్చు శక్తినిచ్చును.

ఈ సాధనలన్నిటికి ఒక విచిత్రమైన కొలత కలదు. వ్యాయామశాలలో గడియారపు గంట మూడు నిమిషములకొకసారి మ్రోగును. ఒక నిమిషము విరామము. మరల మూడు నిమిషములు. సంచి, త్రాడు, నీడపోరు, ప్రతిపనియు ఈ లెక్కననుసరించియే. 1867 లో క్వీన్స్‌బెరీ పేరిట ప్రకటితమైన నిబంధనలు రౌండునకు మూడు నిమిషములును, నడుమ ఒక నిమిషము విశ్రాంతియు విధించినవి. నాటినుండి ముష్టియోధుని దేహము ఆ గంటకు బానిస. తీవ్రమైన పోరులో గుండె నిమిషమునకు 180 సార్లకు దగ్గరగా కొట్టుకొనును. గంట మ్రోగినది, యోధుడు మూలనున్న పీటపై కూర్చుండును. ఆ ఒక్క నిమిషములో అతని నాడి ఎంత దిగును? ఊపిరి ఎంత కుదుటపడును? మెదడు శిక్షకుని మాట వినగలుగునా? ఇదియే పరీక్ష. చక్కగా సాధన చేసినవాడు ఆ నిమిషములో మరల మనిషియగును. చేయనివాడు మొదటి రౌండుల అలసటను రెండవదానిలోనికి, దానిని మూడవదానిలోనికి, వడ్డీతో కూడ మోసికొనిపోవును. తెల్లవారుజామున పరుగెత్తిన మైళ్లన్నియు ఈ ఒక్క నిమిషము కొరకేనని చెప్పినను తప్పు లేదు.

ఇక సాధనలో మిక్కిలి ప్రధానమైనది, మిక్కిలి ప్రమాదకరమైనదియు, స్పారింగు. సంచి తిరిగి కొట్టదు. మనిషి తిరిగి కొట్టును. కనుక శిబిరమునకు జీతమిచ్చి కొందరు యోధులను పిలిపింతురు. రాబోవు ప్రత్యర్థి పొడుగరియైనచో పొడుగువారిని, ఎడమచేతివాటము వాడైనచో అట్టివారిని ఎన్నుకొందురు. పోటీలో హెవీవెయిట్లు ధరించు గ్లవుసులు పది ఔన్సులవి. స్పారింగులో వానికన్న మందమైన పదునారు ఔన్సులవి ధరించి, తలకు తొడుగు పెట్టుకొందురు. వానికి ముందు చేతులకు గుడ్డపట్టీలు చుట్టుదురు. మనుష్యుని చేతిలో, మణికట్టుతో కలిపి, 27 ఎముకలు కలవు. అవి చిన్నవి, సున్నితమైనవి. మహాకాయుని బలమంతయు ఆ చిన్న ఎముకల మీదుగా పోవలసి ఉన్నది. గ్లవుసును, పట్టీని ఎదుటివాని రక్షణకొరకు కల్పించినారని పెక్కుమంది తలంతురు. అవి ముఖ్యముగా కొట్టువాని చేతిని కాపాడును. చేయి భద్రముగా ఉన్నది కనుక తలను గట్టిగా కొట్టుటకు అతడు జంకడు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీని అవసరము ముందు కలుగును.

ఇట్టి తపస్సు ఫలించునా యని అడిగినచో చరిత్ర సమాధానము చెప్పుచున్నది. 1936 లో జో లూయీ అపజయమెరుగని యువకుడు. జర్మనీ దేశస్థుడైన మాక్స్ ష్మెలింగ్‌తో పోరు నిర్ణయమైనప్పుడు అతనిని తేలికగా తీసికొని, సాధనకు ఈయవలసిన వేళలను గోల్ఫు ఆటకు ఇచ్చెను. ష్మెలింగ్ మాత్రము లూయీ పోరుల చలనచిత్రములను శ్రద్ధతో పరికించి, ఎడమచేతితో కొట్టిన పిదప లూయీ ఆ చేతిని క్రిందికి జార్చుచున్నాడని కనిపెట్టెను. జూన్ 19 న న్యూయార్కులో, పండ్రెండవ రౌండులో, లూయీ నేలకూలి లేవలేకపోయెను. రెండేండ్ల పిదప, 1938 జూన్ 22 న, వారిద్దరును మరల తలపడిరి. ఈ పర్యాయము లూయీ సాధనలో ఏ మాత్రము ఏమరుపాటు లేదు. పోరు రెండు నిమిషముల నాలుగు సెకండ్లలో ముగిసెను. అవే చేతులు, అదే మనిషి. భేదమంతయు శిబిరములోనిది.

రాకీ మార్సియానో కథ వేరు. ఆయన హెవీవెయిట్లలో పొట్టివాడు. బరువు 185 పౌనుల ప్రాంతము. చేతుల చాపు కేవలము 68 అంగుళములు. సొంపైన పోరు ఆయనకు పట్టుబడలేదు. గురువు చార్లీ గోల్డ్‌మన్ ఆయనను మార్చుటకు యత్నింపక, ఇంకను వంగి పోరుటకు, దగ్గరగా చొచ్చి కొట్టుటకు నేర్పెను. మిగిలినదంతయు సాధన. 1952 సెప్టెంబరు 23 న ఫిలడెల్ఫియాలో విజేత జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండులోనే మార్సియానోను పడగొట్టెను. పండ్రెండు రౌండ్లు గడచునప్పటికి నిర్ణేతల లెక్కలో వాల్కాట్‌దే పైచేయి. పదమూడవ రౌండులో మార్సియానో కుడిచేయి ఒక్కసారి తగిలెను. విజేతపదవి చేతులు మారెను. పదమూడవ రౌండు వరకు ఆ దెబ్బలో పస నిలిపినది క్యాట్‌స్కిల్ కొండల బాటలు. 1956 లో ఆయన విరమించునాటికి 49 పోరులు, 49 విజయములు.

గెలుపు వలన వచ్చు ఏమరుపాటునకు 1990 సంవత్సరము గొప్ప పాఠము. ఆ ఏడు ఫిబ్రవరి 11 న టోక్యోలో మైక్ టైసన్ బరిలోనికి దిగునాటికి 37 పోరులలో ఒక్కటియు ఓడలేదు. కాని శిబిరములో శ్రద్ధ సన్నగిల్లినది. స్పారింగులోనే ఒకసారి నేలపై పడినాడు. ప్రత్యర్థి జేమ్స్ డగ్లస్‌ను లక్ష్యపెట్టినవారు లేరు. డగ్లస్ తల్లి అంతకు మూడు వారముల ముందే మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి ఆయన సాధన మానలేదు. పదవ రౌండులో టైసన్ కూలెను, ప్రపంచము నివ్వెరపోయెను. అయితే అదే డగ్లస్, అదే ఏడు అక్టోబరు 25 న, ఇవాండర్ హోలీఫీల్డ్ ఎదుటికి 246 పౌనుల బరువుతో వచ్చెను. టోక్యోనాటికన్న సుమారు 15 పౌనులు ఎక్కువ. మూడవ రౌండులో పడి, లేవలేదు. ఎనిమిది నెలలలో ఒకే మనిషి సాధన ఫలమును, సాధన లోపమును రెండింటిని లోకమునకు చూపించెను.

ముహమ్మద్ అలీ, జార్జి ఫోర్‌మన్‌ల పోరు 1974 లో ఆఫ్రికాలోని జైరే దేశపు రాజధాని కిన్షాసాలో జరుగవలసి ఉండెను. సెప్టెంబరు 25 న అనుకొన్న పోటీకి సుమారు వారము ముందు, స్పారింగులో ఎదుటివాని మోచేయి తగిలి ఫోర్‌మన్ కుడికంటిపై చర్మము చిట్లెను. పోటీ అక్టోబరు 30 కి వాయిదా పడెను. ఫోర్‌మన్ వయస్సు 25; నలుబది పోరులలో ఓటమి లేదు; వానిలో 37 ప్రత్యర్థిని పడగొట్టి గెలిచినవి, పెక్కు మొదటి రెండు రౌండ్లలోనే ముగిసినవి. ఆయన దేహము పెనుదెబ్బకు సిద్ధపడినది, దీర్ఘపు పోరునకు కాదు. అలీ వయస్సు 32. సాధనలో ఆయనకొక అలవాటు కలదు: త్రాళ్లకు ఆనుకొని, చేతులు అడ్డుపెట్టి, స్పారింగు జోడీలచేత తన్ను కొట్టించుకొనుట. పోటీరాత్రి అదే చేసెను. ఉక్కపోతలో ఫోర్‌మన్ కొట్టి కొట్టి డస్సిపోయెను. ఎనిమిదవ రౌండులో అలీ ఆయనను పడగొట్టెను. ఓర్పునకు ఇంతటి జయము ముష్టియుద్ధ చరిత్రలో అరుదు.

ఇంతవరకు చెప్పినదంతయు సాధన మహిమ. ఇక రెండవ వైపు చూడవలెను. 1980 లో అలీ మరల విజేతపదవిని కోరి, లారీ హోమ్స్‌తో తలపడుటకు ఒప్పుకొనెను. ఈ హోమ్స్ ఎవరు? డీర్ లేక్ శిబిరములో అలీకి ఒకప్పుడు స్పారింగు జోడీ. అలీ వయస్సు 38. దేహము బాగుగా బరువెక్కినది. కొలది నెలలలో ఆ బరువు తగ్గినది. అక్టోబరు 2 న లాస్ వేగాస్‌లో త్రాసుపై ఆయన సుమారు 217 పౌనులు తూగెను. నడుము సన్నబడినది, జుట్టు నిగనిగలాడినది; అలీ మరల యువకుడైనాడని చూచినవారు మురిసిరి. కాని ఆ బరువును తగ్గించినది సాధన ఒక్కటే కాదు, థైరాయిడ్ గ్రంథికి సంబంధించిన మందు కూడ. దేహము లోన గుల్లయైనది. పది రౌండ్లు ఆయన కొట్టలేకపోయెను, తప్పించుకొనలేకపోయెను. దెబ్బలు తిని నిలిచెను. పదియవ రౌండు ముగిసినంతట శిక్షకుడు ఆంజెలో డండీ పోరు ఆపించెను. బాహ్యమైన రూపమునకు, లోని సత్తువకు ఎంత దూరముండునో ఆ రాత్రి తెలిసెను.

ఓర్పే ఇచ్చట శత్రువైనది. 1984 లో అలీకి పార్కిన్‌సన్ లక్షణములు కలవని వైద్యులు నిర్ణయించిరి. చిత్రవిచిత్రములైన మాటలాడిన ఆ నోరు మెల్లమెల్లగా మూతపడెను. ఈగను పట్టుకొనునంత చురుకైన చేయి వణకెను. 2016 లో ఆయన మరణించెను. ఆ వ్యాధికి బరిలోని దెబ్బలే కారణమా, కాదా యను విషయమున వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. కాని తలకు పదే పదే తగులు దెబ్బలు మెదడును చెరచునను విషయమున సందేహము లేదు. అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928 లోనే, త్రాగినవానివలె తూలుచు, మాట తడబడుచు తిరుగు వృద్ధ ముష్టియోధుల దుస్థితిని వైద్యపత్రికలో వర్ణించెను.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. మెదడు పుఱ్ఱెలో ద్రవముపై తేలుచున్నట్లుండును. గడ్డమునకు దెబ్బ తగిలినప్పుడు పుఱ్ఱె గిఱ్ఱున తిరుగును. మెదడు ఒక లిప్త వెనుకబడి, పిదప తిరుగును. ఆ నడుమ దానిలోని సన్నని నరపుపోగులు సాగును, తెగును. తలతొడుగు చర్మము చిట్లకుండ కాపాడును కాని ఈ తిరుగుడును ఆపజాలదు. 2016 నాటి రియో ఒలింపిక్సులో పురుషుల పోటీలకు తలతొడుగును తొలగించుటకు ఈ వాదము కూడ ఒక కారణము. ముందు చెప్పిన మందపు గ్లవుసు చేతిని కాపాడును. తలకు ఆ కాపుదల లేదు. మెడను బలపరుపవచ్చును, బలమైన మెడ తల అదరును కొంత తగ్గించును. పొట్టకండను గట్టిపరుపవచ్చును, ఎముకను, ఊపిరిని, గుండెను, సంకల్పమును గట్టిపరుపవచ్చును. మెదడును గట్టిపరచు వ్యాయామము మాత్రము ఇంతవరకు ఎవరును కనిపెట్టలేదు. పైగా యోధుడు ఎంత గట్టిపడినచో అంత సేపు నిలిచి, అన్ని దెబ్బలు ఎక్కువ తినును. పేరుబడిన పోటీలో తిన్న దెబ్బలను జనులు చూతురు. శిబిరములో, ఏండ్ల తరబడి, చిన్నవిగా తోచు దెబ్బలు ఎన్ని తిన్నాడో లెక్కించినవారు లేరు. మెదడు మాత్రము అన్నిటిని ఒకే పద్దులో వ్రాసికొనును.

ఈ ఎరుక వలన సాధనపద్ధతులు మారుచున్నవి. దినదినమును తలలు పగులగొట్టుకొను స్పారింగును మానిపించి, శిక్షకుని అరచేతి తొడుగులపై కొట్టించుట, దెబ్బ తగులకుండ తప్పించుకొనుట నేర్పుట మున్నగు పద్ధతులను వివేకులైన శిక్షకులు హెచ్చుగా అవలంబించుచున్నారు. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో దక్షిణ కొరియా యోధుడు డుక్ కూ కిమ్, పదునాలుగవ రౌండులో తగిలిన దెబ్బల వలన మరణించిన పిదప, విజేతపదవి పోరులను పదునైదు రౌండ్లనుండి పండ్రెండునకు క్రమముగా తగ్గించిరి. ఆయన తేలిక తరగతివాడు. అయినను ఆ మరణము హెవీవెయిట్ల పోరులను కూడ పొట్టిపరచినది.

శిక్షకుని పనిని గూర్చి ఒక మాట చెప్పి ముగింతుము. యోధుని దేహమును సిద్ధపరచుటతో ఆయన పని తీరదు. 1975 అక్టోబరు 1 న ఫిలిప్పీన్సు దేశమున, మనీలా పోరు అని పేర్కొనబడు పోటీలో, అలీయును జో ఫ్రేజియరును పదునాలుగు రౌండ్లు పోరిరి. ఇద్దరును ఒకరినొకరు మించి సాధన చేసినవారే. ఇద్దరిలో ఎవరును వంగువారు కారు. పదునాలుగవ రౌండు ముగియునప్పటికి ఫ్రేజియర్ కన్నులు వాచి, ఎదుటినుండి వచ్చు దెబ్బ కనిపించుట లేదు. ఇంకొక మూడు నిమిషములు మిగిలి ఉన్నవి. లేచి పోవుదునని ఫ్రేజియర్ పట్టుపట్టెను. ఆయన శిక్షకుడు ఎడ్డీ ఫచ్ పోనీయలేదు. పోరు అంతటితో ఆపించెను. విజయము అలీ పాలయ్యెను. శిష్యుడు ఆనాడు గురువుపై కినుక వహించినను వహించుగాక; కాని ఫ్రేజియర్ ఇంటికి నడచి వచ్చెను, 2011 వరకు జీవించెను.

తమ పిల్లలను ఈ విద్యకు పంపు తల్లిదండ్రులు మన నగరములలోను, పల్లెలలోను నేడు హెచ్చుచున్నారు. వేకువన లేచుట, పరుగెత్తుట, మితముగా తినుట, పెందలకడ నిద్రించుట, ఓటమిని ఓర్చుట, ఈ విద్య ఇచ్చు వరములు. వానిని కాదనువారము కాము. కాని బిడ్డను శిక్షకుని చేతిలో పెట్టునప్పుడు, ఆయన శిష్యులు ఎన్ని పతకములు తెచ్చినారని అడుగుటతోపాటు, వారానికి ఎన్ని దినములు తలపై దెబ్బలు తగులు స్పారింగు చేయించుచున్నారని కూడ అడుగవలెను. ఒక దెబ్బ గట్టిగా తగిలినచో ఎన్ని వారములు విశ్రాంతి ఇత్తురని అడుగవలెను. బరిలో బిడ్డ నిలువలేని స్థితి వచ్చినచో, బిడ్డ వద్దన్నను, తువ్వాలు విసరి పోరు ఆపించు ధైర్యము ఆయనకు కలదా యని విచారింపవలెను. ఈ మూడు ప్రశ్నలకు తడబడక సమాధానము చెప్పగల శిక్షకుడు దొరికినచో, పిల్లవానికి తెల్లవారుజామున పరుగు నేర్పుటకు ఆయనకన్న మంచివాడు ఉండడు.